మత్తయ్య తెచ్చిన స్లైసర్

తాండూరు,
శుక్రవారం.

ప్రియమైన బుగ్గక్కకు,

నీ చెల్లెలిలాంటి జుబేదా సలాం చేసి రాస్తున్న సంగతులు.

నువ్వు తాండూరు విడిచి వికారాబాద్‌లో గుట్ట కిందికి కాపురం మార్చినప్పటి నుంచి మన గల్లీ మూగబోయింది. నీ చెవులకు అందాలని ఇన్నాళ్లూ అరిచి అరిచి నా గొంతు అలాగే ఉండిపోయింది. మావారితో కూడా అరిచే మాట్లాడుతున్నాను. "నా చెవులు మంచిగనే ఉన్నయ్ జుబేదా, జర మెల్లగ" అని జమాల్ సాబ్ రోజూ మొత్తుకుంటున్నారు.

ఫోన్‌లో నా మాట నీకు వినబడదు. ఆ చిన్న తెర మీద అక్షరాలేమో నీ కంటికి చీమల బారు. అందుకే చిన్నప్పుడు బడిలో నువ్వు చెవి మెలిపెట్టి నేర్పిన తెలుగులో ఈ ఉత్తరం. మావారి బండల పాలిష్ కార్ఖానాలో పనిచేసే మత్తయ్య మీ వికారాబాద్ మనిషే కదా. రోజూ సాయంత్రం ప్యాసింజర్‌లో ఇంటికి పోతాడు. మన ఉత్తరాలు ఇక అతని చేతి మీదుగానే.

అసలు సంగతి. మా ఐమన్ పెళ్లి ఖాయమైంది. పరిగి అబ్బాయి, పేరు షెహబాజ్. వచ్చే నెలలోనే నిఖా. ఈ ఉత్తరంతో పాటు నీకొకటి పంపుతున్నాను. ఏమిటో రాయను, విప్పి చూడు. అతీఖ్ కొత్తగా పెట్టిన దుకాణంలో ఉన్నవన్నీ కిందికి దింపించి చివరికి ఈ ఆకుపచ్చది తీశాను. అంచు చూడు. నేను అంచు చూసే కొన్నాను. పల్చదనంలో దీని ముందు ఇంకేదీ నిలవదు. కొత్తలో కాస్త జారుతుంది, పిన్నులు పెట్టుకో. ఐమన్ పెళ్లికి నువ్వు దీనితోనే రావాలి.

ఇంకో మాట. ఈ పెళ్లిలో నువ్వు ఒక్క ఉల్లిగడ్డ కూడా ముట్టకూడదు. మా ఇంట్లో ప్రతి దావత్‌కూ కత్తిపీట ముందు కూర్చున్నావు. ఇక చాలు.

నీ
జుబేదా

తా.క.: పెళ్లికొడుకు చాలా తక్కువ మాట్లాడతాడు. మా ఐమన్‌కు అవకాశాలు బాగున్నాయి.


వికారాబాద్,
ఆదివారం.

జుబేదా బేగం గారికి,

బుగ్గమ్మ నమస్కారాలు.

'గారు' ఎక్కడి నుంచి వచ్చిందని ఆశ్చర్యపోకండి. మీరు నన్ను దూరం పెట్టిన తర్వాత నేను మర్యాదగా ఉండడమే మంచిది.

మత్తయ్య గుమ్మంలో నల్ల కవరు ఇచ్చి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. విప్పి చూశాను. దీన్ని ఏమంటారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. 'మీరు పంపింది' అనే అంటాను.

మీ ఇంటి బిర్యానీలో వేయించిన ఉల్లిగడ్డ గురించి తాండూరులో ఎవరిని అడిగినా చెబుతారు. అది పట్టుపోగులా ఉండేది ఎవరి చేతి వల్ల? ఇప్పుడు ఉల్లిగడ్డ ముట్టవద్దంటూ ఉత్తరం, దానితో పాటు ఇది! నా చేతికి పని అయిపోయిందని నోటితో చెప్పలేక వస్తువుతో చెప్పారు. దీన్ని పట్టుకుని నేను మీ పెళ్లికి వస్తే నలుగురూ నవ్వరా?

మా ఆయన బిచ్చయ్య మాత్రం, "ప్రేమతోని పంపిందే. ఒక్కసారి చూడరాదు?" అన్నాడు. ఆయన మాట తీసెయ్యలేక ఒక ఆలుగడ్డను దాని మీద పెట్టి ఒక్క లాగు లాగాను. అంచు తగిలి వేలు తెగింది. మీరు అంతగా మెచ్చుకున్న అంచే.

నేను పెళ్లికి రావడం లేదు. చిట్టితల్లి ఐమన్‌కు నా దీవెనలు.

ఇట్లు,
మీ పాత పొరుగింటి మనిషి
బుగ్గమ్మ

తా.క.: తెగింది అన్నం కలిపే చేతి వేలు. బిచ్చయ్యే కలిపి ముద్దలు పెడుతున్నాడు. పెళ్లయిన తర్వాత ఇదే మొదటిసారి. అది మాత్రం మీ పుణ్యమే అని ఒప్పుకోవాలి. కట్టు ఇంకొన్నాళ్లు ఉంచుకుంటాను.


తాండూరు,
బుధవారం.

నా బుగ్గక్కకు,

గారూ వద్దు గీరూ వద్దు. ఆ 'గారు' చూసి నాకు చలిజ్వరం వచ్చినంత పనైంది.

అక్కా, అంచు తగిలి వేలు తెగడమేమిటి? నీ ఉత్తరం పట్టుకుని నేరుగా అతీఖ్ దుకాణానికి పోయాను. దుకాణం నిండా మనుషులు. "మా అక్క వేలు కోసేసింది నీ అంచు!" అన్నాను. నా గొంతు నీకు తెలుసు కదా. బేరం చేస్తున్న ఆడవాళ్లందరూ చేతుల్లో ఉన్నవి కింద పెట్టేశారు. అతీఖ్ బిత్తరపోయి, "ఖాలా, గంత మెత్తగుంటది అంచు. గదెట్ల కోస్తది? చంటిపిల్లకు తగిలినా ఏం గాదు" అని ఒట్టు వేశాడు. ఇకముందు వాడి దుకాణం గడప తొక్కనని చెప్పి వచ్చాను.

కానీ ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. దాని మీద ఆలుగడ్డ పెట్టి లాగడమేమిటక్కా? ఆలుగడ్డ కోసమా నేనది పంపింది? అంత సొగసైన దాన్ని ఆలుగడ్డతో పాడు చేస్తావా? నా మీద కోపముంటే నన్ను తిట్టు. దాన్ని ఏమీ చేయకు. పిన్నులు పెట్టుకోమన్నాను, పెట్టుకున్నావా? ఇంట్లో రోజూ కాసేపు వాడి చూడు. మెల్లగా అలవాటవుతుంది. అప్పుడు నువ్వే వదలవు.

ఉల్లిగడ్డ ముట్టవద్దన్నది నువ్వు మహారాణిలా నా పక్కన కూర్చోవాలనే. నిన్ను దూరం పెట్టడానికా?

మత్తయ్య చేతికి మలాం డబ్బీ పంపుతున్నాను. వేలికి రాసుకో.

నీ
జుబేదా

తా.క.: దాని గురించి నీ అభిప్రాయం ఏమిటని మత్తయ్యను అడిగాను. మెరుపు దెబ్బ తగిలినవాడిలా నిలబడిపోయాడు. పాపం, ఎండలో బండలు మోసి మోసి అలిసిపోతున్నట్టున్నాడు. జమాల్ సాబ్‌తో చెప్పి నీడపట్టున పని ఇప్పించాను.


వికారాబాద్,
మంగళవారం.

జుబేదాకు,

'గారు' తీసేశాను. ఉత్తరం రాస్తూ రాస్తూ మిగతా కోపం సంగతి చూద్దాం.

నువ్వన్నది నిజమే. ఆలుగడ్డ కోసం అంత మంచిది అక్కర్లేదు. అందుకే కీర, ముల్లంగి, బీట్‌రూట్‌లతో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పిన్నులున్న మూత పెట్టుకున్నాను. నువ్వు చెప్పినట్టే జారలేదు, వేలికి ఏమీ కాలేదు. బలం పెట్టకూడదని తెలిసింది. ఏటవాలుగా ఆనించి, చేతిని దాని దారిన పోనిస్తే చాలు.

జుబేదా, ఇది నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇక్కడ ఇప్పుడు మంచు కాలం. పొద్దున్నే అనంతగిరి గుట్ట కనబడదు. మంచులోంచి మెల్లగా ఒక్కొక్క చెట్టూ బయటికి వస్తుంది. ఆ వేళకు నేను కిటికీ పక్కన దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంటాను. చేయి అలా పోతుంది, ఇలా వస్తుంది. దాని చప్పుడు నా చెవులకు వినబడదు, అరచేతికి వినబడుతుంది. వాన పడుతున్నప్పుడు రేకుల ఇంట్లో గోడకు చెయ్యి ఆనిస్తే తెలుస్తుందే, అలాంటిది. ఎన్నేళ్లయిందో నేను ఒక చప్పుడును ఇంత దగ్గరగా విని.

నిన్న కీర తీసి కిటికీకి అడ్డం పెట్టి చూశాను. అందులోంచి గుట్ట కనిపించింది. లేత ఆకుపచ్చ గుట్ట, లేత ఆకుపచ్చ మేకలు, లేత ఆకుపచ్చ బిచ్చయ్య. బీట్‌రూట్‌లోంచి చూస్తే అదే బిచ్చయ్య పెళ్లినాటి కుంకుమ రంగులో కనిపించాడు. ముల్లంగిని తెల్లగుడ్డ మీద పరిచి మిద్దె మీద పెడితే, పొద్దెక్కినా ఇంటికి పోవడం మరిచిన చందమామలు మా మిద్దె మీద పడుకున్నట్టే ఉంది. వాటి పక్కనే నేనూ పడుకున్నాను. అటు కంది చేలు పూత మీద ఉన్నాయి. ఆ పచ్చదనం మీదుగా వచ్చే గాలికి కళ్లు మూతలు పడ్డాయి. లేచేసరికి పొయ్యి మీద పప్పు మాడిపోయింది.

ఒక్కటే బాధ. బీట్‌రూట్ మరక పడింది. ఎంత కడిగినా పోలేదు. కానీ ఆకుపచ్చ మీద ఆ ఎరుపు చూడటానికి బాగానే ఉంది.

అయినా నేను పెళ్లికి రాను. ఎంత మంచిదైనా, నా చేతి బదులు ఇది చాలని నువ్వు అనుకున్నావు కదా. ఆ ముల్లు ఇంకా పోలేదు.

ఇట్లు,
బుగ్గమ్మ

తా.క.: బిచ్చయ్యకు అది నా కంటే ఎక్కువ నచ్చింది. ఒకసారి పట్టుకుంటే వదలడు. నిన్న మేకల దగ్గరికి కూడా దానితోనే పోయాడు. "పక్కింటోళ్లు చూస్తరు, లోపలికి రా" అన్నాను. "చూస్తే చూడనీ, నాకేం సిగ్గు?" అన్నాడు. మేకలు మాత్రం సంతోషంగా ఉన్నాయి.


తాండూరు,
గురువారం.

నా బంగారు బుగ్గక్కకు,

జుబేదా ఎన్నో దువాలతో రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివాను. అక్కా, నువ్వు వేళకు తింటున్నావా? నిద్ర పడుతోందా? కీరలోంచి గుట్ట కనిపించడం తప్పేమీ కాదు. నాకూ అప్పుడప్పుడు పొయ్యి పొగలో ఏవేవో కనిపిస్తాయి. భయపడకు. కానీ ఒంటరిగా మిద్దె ఎక్కకు.

ఇంట్లో ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. ఉండబట్టలేక జమాల్ సాబ్‌కు చెప్పాను, బిచ్చయ్య బావ సంగతితో సహా. ఆయన గడ్డం నిమురుకుంటూ, "మనిషి మంచోడు. గుట్ట గాలికి ఏమన్న అయిందేమో. ఎవరిష్టం వాళ్లది జుబేదా, మనం ఏం అనొద్దు. పెళ్లిల కలిసినప్పుడు నేను ధైర్యం చెప్త" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

తప్పంతా నాది. మనసు అలిసిపోయి ఉన్న సమయంలో నీకు కొత్తదొకటి పంపి తికమక పెట్టాను. దాన్ని ఇక మరిచిపో. మరక పడితే పడనీ. పెళ్లికి అది వద్దక్కా. పాతదానితోనే రా. ఇన్నేళ్లూ నిన్ను దానితోనే చూశాను. దానితో ఉంటేనే నువ్వు నా బుగ్గక్కవు. అది ఎంత అరిగిపోయినా నాకు ఫికర్ లేదు. నువ్వు రాకపోతే ఐమన్‌ను సాగనంపే వేళ నేను ఎవరి భుజం మీద తల పెట్టుకోను?

నీ
జుబేదా

తా.క.: కొన్నాళ్లు బీట్‌రూట్‌కు దూరంగా ఉండు. ముల్లంగి కూడా మనసుకు మంచిది కాదని మన గల్లీ ఫర్హత్ ఆపా అంటున్నది. ఆమెకు ఏమీ తెలియదు, అయినా ఎందుకైనా మంచిది.


వికారాబాద్,
శనివారం.

నా చిట్టి జుబేదాకు,

నీ బుగ్గక్క కోటి దీవెనలతో రాస్తున్నది.

"పాతదానితోనే రా" అని రాశావు చూడు, ఆ ముక్క చదివి మిద్దె మెట్ల మీద కూర్చుని హాయిగా ఏడ్చాను. బిచ్చయ్యకు చదివి వినిపించాను. "నేను చెప్పలే? నీ చెయ్యి లేకుండ వాళ్లింట్ల పెళ్లి అయితదా?" అన్నాడు. దానితో ఉంటేనే నేను నీ బుగ్గక్కనన్నావు. ఆ మాట చాలు నాకు. పాతదాన్ని తీసి, తుడిచి, బాగా నూరించాను. ఇప్పుడు వెంట్రుకను కూడా చీలుస్తుంది.

పెళ్లి ముందు రోజే వస్తాను. నేరుగా వంటల దగ్గరికే పోతాను, నాకోసం ఎవరూ పరుగులు పెట్టనక్కర్లేదు. ఉల్లిగడ్డలన్నీ నాకు వదిలెయ్యి. ఇంకెవరినీ ముట్టనీయకు.

నువ్వు పంపిందీ తెస్తాను. వద్దన్నావు గానీ, దాన్ని ఇంట్లో వదిలి రావడం నా వల్ల కాదు. పాతది ఉల్లిగడ్డలకు, ఇది కీరకు. తాండూరులో దాన్ని నలుగురూ చూడాలి. ఇక్కడ గుట్టకూ మేకలకూ తప్ప ఇంకెవరికి చూపించను?

నా ఆరోగ్యానికేం? నిద్ర మస్తుగా పడుతోంది. పగలు కూడా పడుతోంది.

ఎప్పటికీ నీ
బుగ్గక్క

తా.క.: బిచ్చయ్య కూడా వస్తున్నాడు. అలాంటిది తనకూ ఒకటి కావాలట, ఎరుపు రంగులో. అతీఖ్ దుకాణం ఎక్కడో జమాల్ భాయ్‌ను అడుగుతాడట.


తాండూరు,
పెళ్లయిన వారం.

బుగ్గక్కా,

ఐమన్ పరిగిలో క్షేమం. అల్లుడు ఇప్పటికి ఒక వాక్యం మాట్లాడాడట. ఇల్లంతా ఖాళీగా ఉంది. ఇప్పుడు నీకు పెళ్లిలో చెప్పలేని మాట చెబుతాను. ఎక్కడైనా కుదురుగా కూర్చుని చదువు.

ఆ రోజు నువ్వు ఫంక్షన్ హాల్ వెనక షామియానా కింద వంటల దగ్గర ఉన్నావు. నేను లోపల ఐమన్ పక్కన ఉన్నాను. అంతలో మత్తయ్య భార్య మల్లిక లోపలికి వచ్చింది. ఒంటి మీద ఆకుపచ్చ చీర. పల్చటి చీర, మెత్తటి జరీ అంచు. జారకుండా భుజం మీద పిన్నులు. అక్కా, అది నేను నీకు పంపిన చీర!

అవును, చీర. నేను పంపింది చీర.

నేను నోరు తెరిచేలోగా మల్లికే నా చేయి పట్టుకుంది. "ఎట్లుంది అమ్మా? మా ఆయన తెచ్చిండు. నా పెళ్లయినంక నా కోసమని ఆయన తెచ్చిన మొదటి చీర. ఈ రంగు నాకిష్టమని ఎన్నడు చెప్పలే, ఆయనకెట్ల తెలిసిందో!" అన్నది. ఆ ముఖంలో వెలుగు నువ్వు చూసి ఉండాల్సింది. "నీకోసమే నేసినట్టుంది బిడ్డా" అన్నాను. ఇంకేమనగలను?

బయటికి వచ్చి మత్తయ్యను పట్టుకున్నాను. నీళ్ల డ్రమ్ము వెనక దాక్కుని ఉన్నాడు. "అమ్మా, మా మల్లికకు కూరగాయలు కోసే స్లైసర్ కొన్న. రెండు నల్ల కవర్లు ఒక్కతీరుగ ఉండె. ఒకటి ఇంట్ల పెట్టి, ఇంకోటి బుగ్గమ్మకు ఇచ్చి వచ్చేసరికి ఆమె చీర ఇప్పి చూసుకుంటున్నది. ఆ ముఖం చూసినంక నా నోరు లేవలే. రోజూ చెప్దామనుకున్న. మీరేమో నీడకు పని ఇప్పించిరి, ఇంక భయమైంది" అన్నాడు. తర్వాత వేలితో నీ వైపు చూపించాడు. "గదే అమ్మా, బుగ్గమ్మ చేతిల ఉన్నది."

అప్పుడు చూశానక్కా నిన్ను. ముందు ఉల్లిగడ్డల గుట్ట, ఒక పక్కన నీ కత్తిపీట, చేతి కింద ఆ ఆకుపచ్చ పలక. కళ్లు సగం మూసుకుని ఉన్నావు. నీ చేతి కింది నుంచి కీర చక్రాలు ఒకదాని వెనక ఒకటి జారి పళ్లెంలో పడుతున్నాయి. చుట్టూ ఆడవాళ్లు మాటలు మాని చూస్తున్నారు. ఎవరో పిల్ల ఒక చక్రాన్ని ఎండకు ఎత్తి పట్టుకుంది, దాని ముఖం మీద ఆకుపచ్చటి నీడ పడింది. ఆలుగడ్డ, బీట్‌రూట్ మరక, చందమామలు, అన్నీ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. నువ్వు నాకు దూరమైపోతున్నావని, నీ మతి మసకబారుతోందని ఎన్ని నమాజుల్లో ఏడ్చానో తెలుసా? నువ్వు కీర కోసుకుంటున్నావు, అంతే!

ఉల్లిగడ్డల బస్తా మీద కూలబడి నవ్వాను. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. బిడ్డను పంపలేక తల్లి కుమిలిపోతోందనుకుని పరిగి వియ్యపురాలు వచ్చి నన్ను కౌగలించుకుని తనూ ఏడ్చింది. ఆ ఒక్క ఏడుపుతో మా రెండు కుటుంబాలూ కలిసిపోయాయి.

నీకు అక్కడే ఎందుకు చెప్పలేదంటావా? నీకు వినబడేలా చెప్పాలంటే హాలంతా వినాలి. మల్లిక కూడా వినేది.

జమాల్ సాబ్‌కు మాత్రం చెప్పడం ఆలస్యమైంది. భోజనాల దగ్గర ఆయన బిచ్చయ్య బావ భుజం మీద చెయ్యి వేసి, "నువ్వేం పరేషాన్ గాకు. ఎవరిష్టం వాళ్లది" అన్నారట. బావ సంతోషపడి, "మా ఇంట్ల ఇద్దరం వాడుతం అన్నా. పొద్దుగాల నేను, పగటీలి ఆమె" అన్నాడట. ఈయన చేతిలోంచి ప్లేటు జారిపోయింది. అసలు సంగతి చెప్పాక రాత్రి వరకూ నా ముఖం చూడలేదు, నేను ఆయన ముఖం చూడలేదు. చూస్తే ఇద్దరికీ నవ్వు ఆగదు.

చీర మల్లికదే, స్లైసర్ నీదే. మత్తయ్య ఆమెకు ఇంకో స్లైసర్ కొంటాడట. అతీఖ్ దగ్గరికి పోయి క్షమించమని అడిగాను. దుకాణం నిండా మనుషులు ఉన్నప్పుడే అడిగాను, అది న్యాయం. నీకు ఇంకో చీర కొందామని అన్నీ తీయించాను. ఏదీ తీసుకోలేదు. ఎవరి చేతికో ఇచ్చి పంపడం ఇక నాకు వద్దు. ఈ ఖాళీ ఇంట్లో కూర్చోలేను కూడా. గురువారం ప్యాసింజర్‌కు నేనే వస్తున్నాను. కొన్నాళ్లు ఉంటాను. మంచులోంచి చెట్లు ఒక్కొక్కటీ బయటికి రావడం నాకూ చూపించు.

నీ
జుబేదా

తా.క.: ఈ ఉత్తరం మత్తయ్య చేతికి ఇవ్వడం లేదు, టపాలో వేస్తున్నాను. అది నా తర్వాత చేరినా చేరవచ్చు. అలాగైతే విప్పకు. గుట్ట దగ్గర కూర్చుని నేనే నీకు చదివి వినిపిస్తాను. అక్కడ ఎంత గట్టిగా అరిస్తే మాత్రం ఎవరు అడుగుతారు?